వాపసు తీసుకున్న షేర్లు

అక్టోబరు 3, మంగళవారం

ఈ రోజు మా కొట్టు మీద చవక దుకాణాల కంపెనీవాళ్ళ బోర్డు ఎక్కింది. బోల్‌కెసె. నారింజ రంగు. ఒక్కో అక్షరం నా నడుమంత ఉంది.

మా కొట్టు అనకూడదు ఇక. వేసవిలోనే అమ్మేశాను. నాది కిరాణా, పక్కది హుర్షిత్ మాంసం కొట్టు. ఇద్దరివీ కలిపి కొని, మధ్య గోడ పడగొట్టి ఒకటే హాలు చేశారు. హుర్షిత్ గొర్రెలు వేలాడదీసే చోట ఇప్పుడు బట్టల సబ్బులు పేర్చారు. వాడు అటు చూడకుండా పోతున్నాడు.

అమ్మక ఏం చేస్తాం? చోరుమ్ ఊళ్ళో చవక దుకాణం లేని వీధి మిగల్లేదు. వాళ్ళు గిరాకీకి అమ్మే ధరకి నూనె డబ్బా నాకు టోకువాడు కూడా ఇవ్వడు.

వచ్చిన డబ్బులో సగంతో నా భార్య సానియేకి బంగారు గాజులు కొన్నాను. అది ఆవిడ షరతు. మిగతా సగంతో బోల్‌కెసె షేర్లు కొన్నాను. అది నా షరతు. నన్ను మింగిన చేప కడుపులో నాకూ ఇంత చోటు ఉండొద్దూ?

ఇల్లు దోచినవాడితోనే పొత్తు పెట్టుకున్న మగాణ్ణి నిన్నే చూస్తున్నా అంది సానియే.

అక్టోబరు 6, శుక్రవారం

షాపు తెరిచారు. శుక్రవారం ఆఫర్ కింద రజాయిలు, టీ కెటిళ్ళు పెట్టారు. జనం తోసుకున్నారు. నాకు సంతోషమేసింది. ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది.

బిస్కెట్ల అర వంకరగా ఉంటే సర్దాను. నారింజ కోటు వేసుకున్న మేనేజరు పిల్ల వచ్చి, బాబాయ్, మీరు ఇక్కడ పనిచేస్తారా అని అడిగింది. పేరు గుల్చిన్. పాతికేళ్ళుంటాయేమో. ఇదే షాపులో పెట్టెలు మోస్తుంది, బిల్లు కొడుతుంది, నేల తుడుస్తుంది. పనిచెయ్యను, యజమానిని అన్నాను. షేర్లున్న సంగతి చెప్పాను. నడుం మీద చేతులేసుకుని నవ్వింది. అయితే యజమానిగారూ, మీ వాటాకి వచ్చే బిస్కెట్లు సర్దేశారు, మిగతావి వదిలెయ్యండి అంది.

పిల్ల గట్టిది. షేరు ఉంచుకోవచ్చు.

నవంబరు 2, గురువారం

పెరుగుతోంది.

టీకొట్లో హుర్షిత్ నా ఫోను లాక్కుని చూశాడు. పచ్చగా ఉన్న గీత చూసి, ఒరేయ్ నిజామ్, ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేంట్రా, బొగ్గు గనిలో నల్లపిల్లిలా కనబడకుండా కూర్చున్నావు అన్నాడు.

అప్పుడు నేను చెప్పడం మొదలుపెట్టాను. చక్కెర ధర ప్రతి ఇల్లాలికీ గుర్తుంటుంది, మిరియాల ధర ఎవరికీ గుర్తుండదు. చక్కెర నష్టానికిచ్చి మిరియాల మీద బతికేవాడే కొట్టువాడు. వీళ్ళకి ఆ విద్య వచ్చు. పైగా మిరియాల మీద కూడా సొంత పేరు వేసుకుంటున్నారు. ధరలు ఇలా వారం వారం మండుతుంటే జనం చవక షాపుకి రాక ఎక్కడికి పోతారు? ఇలా గంటసేపు మాట్లాడాను. టీకొట్లో అందరూ చెవులొగ్గి విన్నారు. కొట్టు మూసిన తర్వాత నా మాట అంతమంది వినడం అదే మొదలు.

హుర్షిత్ వెంటనే బ్యాంకుకి పోయాడు.

నవంబరు 15, బుధవారం

జెకియె అక్క వచ్చింది. మా వరసలో చివరి కూరగాయల కొట్టు నడిపిన రిఫాత్ అన్న భార్య. రిఫాత్ అన్న పోయి రెండేళ్ళయింది. కొట్టు అంతకు ముందే పోయింది.

రుమాలు విప్పి డబ్బు బల్ల మీద పెట్టింది. తన కఫన్ డబ్బు. శవానికి చుట్టే కఫన్ గుడ్డకి, గొయ్యికి, మూడోనాడు నలుగురికీ హల్వా పెట్టడానికి దాచుకున్నది. దాచినప్పుడు అన్నిటికీ సరిపోయేదట. ఇప్పుడు హల్వాకి చాలదట. ఇలాగే ఇంకో ఏడాది బతికితే గుడ్డ లేకుండా పూడుస్తారు తమ్ముడూ, నీ షేరులో పెట్టు అంది.

వద్దన్నాను. రెండుసార్లు అన్నాను. మూడోసారి అనలేదు.

ఆవిడ ఫోనులో యాప్ నేనే పెట్టిచ్చాను.

నవంబరు 24, శుక్రవారం

పెరిగింది. టీకొట్లో అందరి డబ్బులూ హుర్షిత్ ఇచ్చాడు.

డిసెంబరు 8, శుక్రవారం

రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురుగా, ఇంకో కంపెనీవాళ్ళు షాపు తెరిచారు. ఆకుపచ్చ బోర్డు. చప్పుడు లేకుండా, కాగితాలు అంటించిన అద్దాల వెనక పని చేసుకుని, ఈ ఉదయం కాగితాలు చించేశారు. చక్కెర మా కంటే తక్కువ. టమాటా ముద్ద మా కంటే తక్కువ. తలుపు దగ్గర పిల్లలకి బుడగలు.

మా వాకిట్లో నిలబడి చూశాను. మా వాకిలి అని మళ్ళీ రాశాను. సరే, షేరుదారు రాసుకోవచ్చు.

వీధి వీధంతా అటే. వరుస మందుల షాపు దాకా పోయింది. ఆ వరుసలో, ముఖానికి తలగుడ్డ అడ్డం లాక్కుని, సానియే.

డిసెంబరు 9, శనివారం

నిన్న మిగతాది రాయలేకపోయాను. కోపం.

ఇంటికొచ్చాక, వాళ్ళ సంచి మన వంటింట్లో ఏం చేస్తోందని అడిగాను. సానియే దాచలేదు, తడబడలేదు. నీ షేరు కోసం నేను చక్కెర ఎక్కువ పెట్టి కొనాలా, యజమాని పెళ్ళానికి బిల్లులో ఏమన్నా తగ్గిస్తున్నారా అంది. ఒక్క కిలో చక్కెరకి కంపెనీ మునగదులే అంది. ఊళ్ళో ప్రతి ఆడదీ అదే మాట అనుకుంటే మునుగుతుంది అన్నాను. అనుకుంటోందిగా, వరుస చూడలేదా అంది.

టీలో ఆ చక్కెరే వేసుకున్నాను.

డిసెంబరు 20, బుధవారం

ఎదురు షాపు ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. కొట్టుకి కొట్టు పోటీ. నాకు తెలిసిన యుద్ధం. ఇప్పుడు బైకులు.

మంచు పడుతోంది. ఎవరూ మెట్లు దిగడం లేదు. కొత్త అపార్టుమెంట్లవాళ్ళు పరుపు మీద పడుకుని గుడ్లు, పెరుగు ఫోనులో అడుగుతున్నారు. టీ మరిగేలోపు బైకువాడు గంట కొడుతున్నాడు. ధర ఎక్కువే. అయినా కొంటున్నారు. చవక కోసం వచ్చేవాళ్ళు ఎదురు షాపుకి, సుఖం కోసం చూసేవాళ్ళు ఫోనుకి. మరి మాకెవరు?

గుల్చిన్‌ని అడిగాను. పాలు తేదీ దాటి పారబోస్తున్నాం బాబాయ్ అంది. తర్వాత నాలుక కరుచుకుని, యజమానిగారికి చెప్పకండి అంది. ఇద్దరం నవ్వలేదు.

జనవరి 9, మంగళవారం

లోయర్ సర్క్యూట్. అంటే షేరు ఒక రోజులో పడనిచ్చేంతా పడిపోయింది. కంపెనీ ఈ మూడు నెలల్లో నష్టం వస్తుందని ప్రకటించిందట. మార్కెట్ తెరిచిన కాసేపటికే నేలకి కొట్టుకుంది. అమ్మేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేరు.

హుర్షిత్ ఐదుసార్లు ఫోను చేశాడు. ఐదోసారి ఎత్తాను. ఏంట్రా ఇది అన్నాడు. తాత్కాలికం అన్నాను.

జనవరి 10, బుధవారం

మళ్ళీ సర్క్యూట్.

జనవరి 12, శుక్రవారం

ఈ రోజు నమాజు తర్వాత మసీదు మెట్ల మీద హుర్షిత్ పట్టుకున్నాడు. చెప్పులు వేసుకోనివ్వలేదు. వాడి గొంతు అందరికీ వినబడింది. కత్తి పట్టిన చేతులురా ఇవి, ఏ ఎముక ఎక్కడుందో నాకు తెలుసు, ఈ మాయదారి గీతలు నాకు తెలుసా, నువ్వు చెప్పావని పెట్టాను అన్నాడు.

పెట్టింది నీ చెయ్యేగా అందామనుకున్నాను. అనలేదు. నా మాట మీద పెట్టాడు. నిజం.

నేను అమ్మను అన్నాను. నాకు నమ్మకముంది, నువ్వూ ఆగు అన్నాను. నీ నమ్మకం ఉడకబెట్టుకుని తిను అని పోయాడు.

నమ్మకం నిజంగానే ఉంది. చెడ్డ చలికాలాలు నేనూ చూశాను. ఎండాకాలం నిలబడ్డ కొట్టు మంచిది కాదు, చలికాలం మూతపడనిది మంచిది. కానీ ఈ మాట ఎవరికి చెప్పను? చెప్పిందంతా ఇలా అయింది.

జనవరి 22, సోమవారం

జెకియె అక్క వచ్చింది. దగ్గుతూ మెట్లెక్కింది. సానియే నిమ్మపువ్వు కషాయం ఇచ్చింది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, గ్లాసు కింద పెట్టి, తమ్ముడూ, డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో తీయించమన్నాడు, నాకేం భయం లేదు, నా డబ్బు మాత్రం ఒకసారి తీసి ఇవ్వు అంది.

ఫోను నా చేతికిచ్చింది. చూశాను. గుడ్డకి వస్తుంది. గొయ్యికి చాలదు.

ఆవిడకి స్క్రీన్ మీద అంకెలు చదవడం రాదు. నా ముఖం చదవడం వచ్చు. పోయిందా అంది.

పోలేదు అన్నాను. నువ్విచ్చినంతా ఇస్తాను అన్నాను. నా దగ్గర కొన్న సరుకు పురుగు పడితే వాపసు తీసుకోలేదా ఎప్పుడన్నా? తీసుకున్నాను. ఇదీ అంతే. నీ షేర్లు అమ్మేద్దాం, అవే షేర్లు నేను కొంటాను, తేడా నేను వేసుకుంటాను.

నోరు జారలేదు. తెలిసే అన్నాను. సానియే కషాయం గిన్నె పట్టుకుని తలుపు దగ్గర అలాగే నిలబడిపోయింది.

జనవరి 23, మంగళవారం

ఊళ్ళో మాట మనకంటే ముందు నడుస్తుంది. పొద్దున్నే హుర్షిత్ వచ్చాడు. ముఖం అటు తిప్పుకుని, వాపసు ఆడవాళ్ళకేనా అన్నాడు.

కాదు అన్నాను.

జనవరి 26, శుక్రవారం

సానియే మూడు రోజుల తర్వాత నోరు విప్పింది. విప్పాక ఆపలేదు.

జెకియె సంగతి సరే అంది. ఆవిడ కళ్ళు మూసుకుని నీ చెయ్యి పట్టుకుంది. హుర్షిత్‌కి ఏం పుట్టింది? పెరిగినప్పుడు నీకు వాటా పెట్టాడా? అందరికీ టీలు పోయించి పెద్దమనిషయ్యాడు, పడితే మాత్రం నిజామ్ కావాలా? ఇది కిరాణా కాదు, పురుగు పట్టిన పిండి కాదు అంది.

నా మాట మీద కొన్నాడు అన్నాను.

అయితే తేడా కట్టి ఊరుకో, ఆ చెత్త నువ్వెందుకు కొనడం అంది. వాపసంటే సరుకు మన అరలోకి రావాలి, లేకపోతే అది బిచ్చం వెయ్యడమవుతుంది, హుర్షిత్ బిచ్చం తీసుకోడు అన్నాను. వాడి పరువు నా చేతి గాజుల ఖరీదా అంది.

అవును. దానికి కావలసిన డబ్బు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. అప్పటిదాకా ఇద్దరం ఆ పేరు ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది.

నీకు ఇంకా నమ్మకముందా ఆ షాపు మీద అని అడిగింది. ఉంది అన్నాను. కొట్టు పెట్టినప్పుడు కూడా ఇదే ముఖం పెట్టావు అని లేచిపోయింది.

జనవరి 29, సోమవారం

కంసాలి దగ్గర సానియే గాజులకి బేరం ఆడింది. నేను బయట నిలబడ్డాను. వచ్చి డబ్బు నా కోటు జేబులో కుక్కింది. చలికి చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ఇంటిదాకా నా ముందు నడిచింది.

ఫిబ్రవరి 5, సోమవారం

అయిపోయింది. హుర్షిత్ షేర్లు, జెకియె అక్క షేర్లు, అన్నీ నా ఖాతాలో. వాళ్ళు పెట్టినది వాళ్ళకి పైసాతో సహా ఇచ్చాను.

హుర్షిత్ లెక్కపెట్టలేదు. మడిచి లోపల పెట్టుకుని, నువ్వు మనిషివిరా అన్నాడు. కళ్ళు తడిశాయి వాడికి. టీకొట్లో నా పక్కనే కూర్చున్నాడు.

తేలిగ్గా ఉంది. ఇంత ఆస్తి ఒకే గాడిద మీద ఎక్కించినవాడికి తేలిగ్గా ఉండకూడదు. అయినా ఉంది.

ఫిబ్రవరి 12, సోమవారం

తేలిక పోయింది.

పొద్దున షాపు ముందు రొట్టెల బట్టీవాడి వ్యాను ఆగి ఉంది. రొట్టెలు దించడం లేదు. గుల్చిన్ ఫోనులో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. బట్టీవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు డబ్బు, తర్వాత రొట్టె అంటున్నాడు.

నూనెవాడు అరువు ఆపొచ్చు, చక్కెరవాడు ఆపొచ్చు. అవి పెద్ద బేరాలు, తగాదాలుంటాయి. రొట్టెవాడు ఆపాడంటే కొట్టులో మరునాటికి డబ్బు లేదని. మా వ్యాపారంలో పుట్టినవాడెవడికైనా తెలిసిన సంగతి.

చివరికి సగం దించి పోయాడు. లోపలికెళ్ళాను. అరల ముందువైపు ఒక్క వరసే సరుకు. వెనక వేలు పెడితే చెక్క తగిలింది.

గుల్చిన్, నిజం చెప్పమ్మా అన్నాను. నన్ను అడక్కండి బాబాయ్, బయటివాళ్ళతో మాట్లాడితే ఉద్యోగం పోతుందని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు అంది. నేను బయటివాణ్ణా అన్నాను. ఇవాళ అవును అంది.

ఫిబ్రవరి 13, మంగళవారం

అమ్మెయ్యాలా? ఈ ధరకి అమ్మితే గాజుల్లో మూడోవంతు రాదు. ఉంచితే సున్నా కావొచ్చు. యాప్‌లో అమ్మే బటను మీద వేలు పెట్టి తీశాను. మళ్ళీ పెట్టి తీశాను. వేలు అక్కడ ఉండగా సానియే బోసి చేతులతో గది దాటిపోయింది.

అమ్మలేదు. ధైర్యం కాదు. ఆవిడకి చెప్పడానికి మాట దొరకలేదు, అంతే.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఇంకా పడింది.

ఫిబ్రవరి 26, సోమవారం

తొందర తొందరగా రాస్తున్నాను. అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

ఆ బైకుల యాప్ కంపెనీ బోల్‌కెసెని కొనేస్తోంది. మొత్తం. పొద్దున ప్రకటించారు. ఊరూరా వీధి మధ్యలో షాపులున్నాయి కదా, బైకులకి అంతకంటే దగ్గర గోడౌన్లు ఎక్కడ దొరుకుతాయి అంటున్నారు. షేరుకి వాళ్ళు ఇస్తామన్న ధర శుక్రవారం ధర కంటే రెట్టింపు పైన.

అప్పర్ సర్క్యూట్. ఒక రోజులో పెరగనిచ్చేంతా పెరిగింది. కొనేవాళ్ళే తప్ప అమ్మేవాళ్ళు లేరు.

సానియేకి చూపించాను. ఎర్రగా ఉంటే చెడ్డది కదూ, ఇది పచ్చేగా అని రెండుసార్లు అడిగింది. తర్వాత వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఉల్లిపాయలు తరుగుతోంది. ఏడుస్తూ తరుగుతోంది.

ఫిబ్రవరి 28, బుధవారం

మళ్ళీ అప్పర్ సర్క్యూట్. బజార్లో ఎవరూ అభినందించలేదు. చూసీ చూడనట్టు పోతున్నారు.

మార్చి 1, శుక్రవారం

టీకొట్లో అడుగు పెట్టగానే మాటలు ఆగాయి. హుర్షిత్ లేచాడు.

నీకు ముందే తెలుసు అన్నాడు. ఆ నారింజ కోటు పిల్ల చెప్పింది నీకు, రోజూ పోయి దానితో గుసగుసలాడేది ఇందుకే, వాపసు వాపసు అని పుణ్యాత్ముడిలా మా షేర్లు ఊడ్చుకున్నావు, ముసలిదాని కఫన్ కూడా వదల్లేదు అన్నాడు.

నీ డబ్బు నీకిచ్చానురా, పైసా తగ్గకుండా అన్నాను. నవంబరు పైసాలు మార్చిలో ఇచ్చావు, వాటికి ఏం వస్తుంది, సగం గొర్రె రాదు అన్నాడు.

ఇచ్చింది ఫిబ్రవరిలో. ఎవరైనా ఒకడు వాణ్ణి ఆపుతాడని చూశాను. టీ పోసేవాడు కూడా గ్లాసులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

దొంగ అన్నాడు. అందరి ముందూ.

మార్చి 4, సోమవారం

హుర్షిత్ నన్ను తిట్టి ఊరుకోలేదు. గుల్చిన్ కంపెనీ వాళ్ళకి ఫోను చేశాడట. మీ మేనేజరు లోపలి మాటలు బయట అమ్ముకుందని. ఆమెని సంసున్ ఊళ్ళోని పెద్దాఫీసుకి పిలిచారు. వెళ్ళేముందు మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. నేను మీకేం చెప్పాను బాబాయ్, ఒక్క మాట చెప్పండి, నేనేం చెప్పాను అని అడిగింది. పాలు పారబోస్తున్నామని చెప్పావు అన్నాను. అంతేగా అంది. అంతే అన్నాను. అదే చెప్తాను అని కన్నీళ్ళు తుడుచుకుని బస్సుకి పోయింది.

నన్ను దొంగ అంటే పడి ఉంటాను. ఆ పిల్ల జోలికి ఎందుకు?

మార్చి 5, మంగళవారం

జెకియె అక్క దగ్గరికి ముందు వెళ్ళాను. ఫోటోలో ఏమీ లేదట, మామూలు దగ్గేనట. నీ షేర్లకి వచ్చిన లాభం నీకే ఇస్తాను అన్నాను. చేతిలో ఉన్న పప్పు చెరుగుతూనే, కఫన్‌కి జేబులుండవు తమ్ముడూ అంది. నాకు కావలసినంత వచ్చింది, మిగతాది సానియేది, దాని చేతులు చూడు ముందు అంది.

అక్కణ్ణుంచి నేరుగా హుర్షిత్ ఇంటికి. తలుపు తీసి అడ్డంగా నిలబడ్డాడు. గుమ్మంలోనే చెప్పాను. నీ షేర్లు అలాగే ఉన్నాయి. నేనిచ్చిన డబ్బు నాకు తిరిగిచ్చి, షేర్లు ఇవాళే తీసుకో. ఎంత పెరిగాయో అంతా నీదే. కానీ ముందు సంసున్‌కి ఫోను చేసి ఆ పిల్ల గురించి అబద్ధం చెప్పానని చెప్పు.

వాడు నమ్మలేదు. మెలిక ఎక్కడుందా అని నా ముఖం వెతికాడు. వెతుకుతూ వెతుకుతూ గొంతు మారింది. నేను ఎరిగిన హుర్షిత్ గొంతు వచ్చింది. ఇంకా పెరుగుతుందంటావా అని అడిగాడు.

తెలియదు అన్నాను.

నిజంగానా?

నిజంగా తెలియదు. కొనుగోలు ఆగిపోవచ్చు. ప్రభుత్వం కాదనొచ్చు. రేపు పొద్దున్నే మళ్ళీ నేలకి రావచ్చు. నాకేమీ తెలియదురా. అప్పుడూ తెలియదు. తెలిసినట్టు మాట్లాడాను.

వాడు గుమ్మానికి ఆనుకున్నాడు. అయితే నాకొద్దు, నా గుండె తట్టుకోదు అన్నాడు. లోపలికి పోయి ఫోను తెచ్చుకున్నాడు. సంసున్‌కి నా ఎదుటే చేశాడు. కోపంలో కూశానమ్మా, నేను ముసలి కసాయిని, నాకేం తెలుసు అని మూడుసార్లు చెప్పాడు. అవతల ఎవరో పెట్టేశారు. వాడు పెట్టేసిన ఫోనులో ఇంకోసారి చెప్పాడు.

లోపలికి రమ్మనలేదు. నేనూ ఆగలేదు.

మార్చి 8, శుక్రవారం

అమ్మేశాను. అన్నీ. ఇంకా పెరిగినా పెరగొచ్చు, నా వల్ల కాదు.

సానియేతో కంసాలి దగ్గరికి వెళ్ళాను. ఈసారి లోపలికి రమ్మంది. మేం చలికి వణుకుతున్న రోజుల్లో బంగారం ధర కూడా ఊరుకోలేదు, ఎక్కింది. అమ్మినన్ని గాజులు మళ్ళీ వచ్చాయి. మిగిలింది మేం షేర్లలో మొదట పెట్టిన డబ్బూ, ఒక కొత్త పొయ్యికి సరిపడేంతా. ఇంత యుద్ధం చేసి పొయ్యి గెలిచావు అంది సానియే. అయిదు నెలల్లో మొదటిసారి నవ్వడం చూశాను.

మార్చి 11, సోమవారం

రంజాన్ మొదటి ఉపవాసం. గుల్చిన్ ఉద్యోగం పోలేదు. ఆమె మీద ఫిర్యాదు చదవడానికి ఆ ఆఫీసులో ఎవరూ లేరట. అందరూ కొత్త యజమానుల కోసం పెట్టెలు సర్దుకుంటున్నారట. ఉద్యోగం కాదు బాబాయ్, షాపే పోతోంది అంది. గిరాకీని లోపలికి రానివ్వరు ఇక. షటరు దించి లోపల సరుకు పెట్టి, బైకులు పంపుతారట.

అలా గోడౌన్లుగా మార్చే షాపుల జాబితాలో మా వీధి షాపు ఉంది. నేను అమ్మిన ధరలో అది కూడా ఉందన్నమాట.

మార్చి 22, శుక్రవారం

చివరి రోజు. మిగిలిన సరుకు సగం ధరకి ఇచ్చేశారు. జనం బాగానే వచ్చారు. రోజూ ఇలా వచ్చి ఉంటే అని ఎవరో అన్నారు. అన్నవాడి చేతిలో ఎదురు షాపు సంచి.

సాయంత్రం నారింజ బోర్డు దించారు. గుల్చిన్ ఆర్భాటమేమీ లేకుండా తాళాలు అప్పగించి, రోడ్డు దాటి, ఆకుపచ్చ బోర్డు కింద నిలబడ్డ మేనేజరుతో చెయ్యి కలిపింది. సోమవారం నుంచి అక్కడ. మీరు అక్కడికొచ్చి బిస్కెట్లు సర్దితే ఒప్పుకోను, మీకు అందులో షేర్లు లేవు అంది.

షటరుకి బూడిద రంగు వేశారు. పేరు లేదు. కిటికీలకి లోపలినుంచి కాగితం.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఇఫ్తారుకి ఇంకా గంట ఉండగా హుర్షిత్ వచ్చాడు. నెల తర్వాత. నేరుగా మా బాల్కనీలోకి పోయి కుర్చీ లాక్కున్నాడు. ఇద్దరం రోడ్డుకి అవతల మా పాత కొట్ల బూడిద షటరు చూస్తూ కూర్చున్నాం. లోపల ఎలా ఉందంటావు అన్నాడు. బైకుల యాప్‌లో ఒక కిలో ఉప్పుకి ఆర్డరు పెట్టాను. షటరు మనిషి నడుమంత ఎత్తు లేచింది. ఇద్దరం కుర్చీల్లోంచి దిగి, బాల్కనీ చువ్వల్లోంచి వంగి చూశాం. తెల్లటి లైటు. ఒకరి కాళ్ళు. బైకు బయటికొచ్చింది, షటరు దిగిపోయింది.

సరిగ్గా కనబడలేదురా, ఇంకో కిలో పెట్టు అన్నాడు.